చవక బ్రోకరా, నమ్మదగిన బ్రోకరా?



ఈ మధ్య మమ్మల్ని మాటిమాటికీ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: "అయ్యగారూ, షేర్లు కొనడానికి ఏ యాప్ మంచిది?" అడిగేవారిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన యౌవనస్థులున్నారు. మిషన్ ఆసుపత్రుల్లో, పాఠశాలల్లో ముప్ఫై ఏళ్లు పనిచేసి, చేతికొచ్చిన పీఎఫ్ డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియక సతమతమవుతున్న పెద్దవారూ ఉన్నారు. ఫలానా యాప్ మంచిదని మేము పేరు పెట్టి చెప్పబోవడం లేదు. అది మా పని కాదు. ఈ రోజు బాగున్న సంస్థ ఐదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో చెప్పగలవారూ లేరు. అయితే రెండు మూడు సంస్థలను పక్కపక్కన పెట్టుకున్నప్పుడు ఏమేమి చూడాలో, దేన్ని ముందు చూడాలో చెప్పవచ్చు. చాలామంది చివర చూడవలసినదాన్ని మొదట చూస్తున్నారు, మొదట చూడవలసినదాన్ని అసలు చూడడం లేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే.

ఉస్మాన్‌గంజ్ టోకు బజారు తెలిసినవారికి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. సరుకు తెచ్చినవాడు దాన్ని అడ్తి దుకాణంలో దింపుతాడు. అడ్తిదారు ఆ సరుకుకు యజమాని కాదు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి కమీషన్ తీసుకునేవాడు. అమ్మకం అయ్యాక చేతికి తక్‌పట్టీ వస్తుంది. తూకమెంత, ధర ఎంత, కమీషన్ ఎంత, హమాలీ ఎంత అన్నీ అందులో ఉంటాయి. వ్యవహారం తెలిసిన మనిషి కమీషన్ ఒక్కటే చూసి దుకాణం ఎంచుకోడు. కాంటా సరిగ్గా ఉందా, చెప్పిన రోజుకు డబ్బు చేతికొస్తుందా, దింపిన బస్తాలు తనవిగానే ఉంటాయా అని చూస్తాడు. సామెతల గ్రంథం తప్పుడు త్రాసు మీద అంత గట్టిగా ఎందుకు మాట్లాడుతుందో అలాంటి బజారులో ఒక పూట నిలబడితే తెలుస్తుంది.

షేర్ల బ్రోకరు కూడా అడ్తిదారే. దుకాణం మాత్రం మన కంటికి కనబడదు.

ఒకప్పుడు కనబడేది. ఉస్మాన్‌గంజ్ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న కోఠిలోనే నిజాం కాలంలో, 1943లో, హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజి మొదలైంది. తర్వాత అది హిమాయత్‌నగర్‌కు, సోమాజిగూడకు మారింది. 2007లో సెబీ గుర్తింపు కోల్పోయి మూతబడింది. ఆ రోజుల్లో షేరు అంటే చేతిలో పట్టుకునే కాగితం. దాన్ని ఇనప్పెట్టెలో పెట్టుకునేవారు. కాగితం పోవచ్చు, సంతకం కుదరక తిరిగి రావచ్చు, దొంగ కాగితం చేతికి అంటగట్టవచ్చు. ఆ బాధలు తీర్చడానికే 1996లో డిపాజిటరీల చట్టం వచ్చింది. కాగితం పోయి డీమ్యాట్ వచ్చింది. ఇనప్పెట్టె పోయింది కాబట్టి తాళం చెవి ఎవరి దగ్గరుందని అడగడం కూడా మానేశాం.

ఆ ప్రశ్న ఎందుకు మానకూడదో ఇదే నగరంలో జరిగిన ఒక వ్యవహారం చెబుతుంది.

కార్వీ పేరు వినని హైదరాబాదీ కుటుంబం అరుదు. 1980ల తొలి రోజుల్లో కొందరు చార్టర్డ్ అకౌంటెంట్లు ఇక్కడే మొదలుపెట్టిన సంస్థ అది. పబ్లిక్ ఇష్యూ దరఖాస్తు ఫారం కావాలన్నా, మ్యూచువల్ ఫండ్ కాగితం ఇవ్వాలన్నా మన చిన్న పట్టణాల్లో కూడా కార్వీ ఆఫీసుకే వెళ్లేవారు. మన ఊరి సంస్థ, మన భాష మాట్లాడే మనుషులు, ఏళ్ల తరబడి పేరు. నమ్మడానికి ఇంకేం కావాలి? 2019 నవంబర్ 22న సెబీ ఒక మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. కార్వీ స్టాక్ బ్రోకింగ్ కొత్త ఖాతాదారులను చేర్చుకోకూడదన్నది. ఖాతాదారుల షేర్లను సంస్థ తన పేరున్న డీమ్యాట్ ఖాతాలోకి మళ్లించి, బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుందన్నది ఆరోపణ. ఆ షేర్లు 95 వేల మందికి పైగా ఖాతాదారులవి. విలువ 2,300 కోట్ల రూపాయలకు పైమాట. 2016 ఏప్రిల్ నుంచి 2019 అక్టోబర్ మధ్య 1,096 కోట్లు తన గ్రూపులోని రియల్ ఎస్టేట్ సంస్థకు పంపిందని కూడా ఆ ఉత్తర్వులో ఉంది.

ఇది ఎలా సాధ్యమైందన్నదే మనకు కావలసిన పాఠం. ఖాతా తెరిచేటప్పుడు ఖాతాదారులు పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం పెట్టేవారు. షేర్లు అమ్మిన ప్రతిసారీ స్లిప్పు రాసి ఇచ్చే శ్రమ తప్పుతుందని దాన్ని పెట్టించేవారు. ఎన్నో కాగితాల మధ్య అదొక కాగితం. "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని ఏజెంటు వేలు పెట్టి చూపిస్తే సంతకాలు పెట్టినవారే ఎక్కువ. ఆ సంతకంతో తాళం చెవి చేతులు మారింది. అమ్మడానికి ఇచ్చిన అధికారం తాకట్టు పెట్టడానికి ఉపయోగపడింది.

2019 డిసెంబర్ 2న డిపాజిటరీ అయిన ఎన్‌ఎస్‌డీఎల్ సుమారు 83 వేల మంది షేర్లను వారి సొంత ఖాతాలకు తిరిగి చేర్చింది. చాలామంది ఆ రోజు ఊపిరి పీల్చుకున్నారు. మిగిలినవారి ఎదురుచూపు మాత్రం సాగుతూనే ఉంది. 2020 నవంబర్‌లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి కార్వీని డిఫాల్టరుగా ప్రకటించి సభ్యత్వం నుంచి బహిష్కరించింది. 2021 ఆగస్టులో హైదరాబాద్ సీసీఎస్ పోలీసులు సంస్థ ఛైర్మన్ పార్థసారథిని అరెస్టు చేశారు. 2023 ఏప్రిల్‌లో సెబీ సంస్థనూ ఆయననూ ఏడేళ్ల పాటు మార్కెట్ నుంచి నిషేధించి, ఇద్దరికీ కలిపి 21 కోట్ల జరిమానా వేసింది. క్లెయిములు పెట్టుకోవడానికి గడువు 2025 దాకా నడిచింది. 2019లో కూతురి పెళ్లికని షేర్లు దాచుకున్న తండ్రికి ఇన్నేళ్ల లెక్క ఏ తీర్పు తీరుస్తుంది?

అందుచేత రెండు సంస్థలను పోల్చేటప్పుడు మొదటి ప్రశ్న రుసుము గురించి కాదు, తాళం చెవి గురించి ఉండాలి.

కార్వీ తర్వాత నిబంధనలు బాగా బిగిశాయి, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. 2020 సెప్టెంబర్ నుంచి షేర్లను మార్జిను కోసం తాకట్టు పెట్టినా అవి ఖాతాదారు సొంత డీమ్యాట్‌లోనే ఉండాలి. ప్రతి తాకట్టుకూ డిపాజిటరీ నుంచి మన ఫోనుకు ఓటీపీ వస్తుంది. 2022లో పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో డీడీపీఐ అనే పరిమిత అధికార పత్రం వచ్చింది. అది ఇవ్వడం తప్పనిసరి కాదు. ఇవ్వకపోతే అమ్మిన ప్రతిసారీ టీపిన్, ఓటీపీ కొట్టవలసి వస్తుంది, అంతే. ఏడాదికి రెండు మూడుసార్లు అమ్మేవారికి అది శ్రమే కాదు. "ఇది ఇవ్వకపోతే ఖాతా తెరవడం కుదరదు" అని ఏ ఏజెంటు అయినా అంటే అక్కడే లేచి రండి.

ఇక్కడ ఒక చిన్న విషయం పెద్ద తేడా చేస్తుంది. ఖాతాకు ఇచ్చే మొబైల్ నంబరు, ఈమెయిల్ మీవే అయి ఉండాలి. మన పెద్దవారిలో చాలామంది "నాకు ఈమెయిల్ లేదు బాబూ, నీదే వేసేయ్" అంటారు. ఆ బాబు ఏజెంటు అయితే డిపాజిటరీ పంపే ప్రతి హెచ్చరికా అతనికే వెళ్తుంది. దొంగతనం జరిగితే మొదట తెలిసేది కూడా అతనికే. ఇంట్లో పిల్లల చేత ఒక ఈమెయిల్ తెరిపించుకోండి, పది నిమిషాల పని.

యాప్‌లో షేర్లు కనబడడం వేరు, అవి డిపాజిటరీలో మీ పేరున ఉండడం వేరు. డిపాజిటరీలు మన దేశంలో రెండే: ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్‌ఎల్. మీ బ్రోకరు ఏదో ఒకదానికి అనుసంధానమై ఉంటాడు. మీ పాన్ మీద ఉన్న షేర్లు, ఫండ్లు అన్నిటినీ కలిపిన నివేదికను డిపాజిటరీ నేరుగా మీ ఈమెయిల్‌కు పంపుతుంది. డిపాజిటరీ సొంత వెబ్‌సైటులో లాగిన్ పెట్టుకుని ఎప్పుడైనా చూసుకోవచ్చు కూడా. సీడీఎస్‌ఎల్‌లో దాని పేరు ఈజీ, ఎన్‌ఎస్‌డీఎల్‌లో ఐడియాస్. నెలకొకసారి బ్రోకరు చూపించే లెక్కనూ డిపాజిటరీ చూపించే లెక్కనూ పక్కపక్కన పెట్టి చూడండి. కానుక సంచి లెక్కను ఇద్దరు పెద్దలు వేర్వేరుగా లెక్కపెట్టి సరిపోల్చే అలవాటు మన సంఘాల్లో ఉన్నదే కదా, ఇదీ అంతే.

రెండో ప్రశ్న: బ్రోకరు నిజంగా బ్రోకరేనా? రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. స్టాక్ బ్రోకరు నంబరు ఐఎన్‌జెడ్ అనే అక్షరాలతో మొదలవుతుంది. దాన్ని సెబీ వెబ్‌సైటులో స్వయంగా వెతికి, అక్కడున్న సంస్థ పేరు, చిరునామా ఒకటేనా అని చూడాలి. వాట్సాప్‌లో వచ్చిన ధ్రువపత్రం ఫొటోను నమ్మకూడదు. ఫొటో తయారు చేయడానికి అయిదు నిమిషాలు చాలు. బ్రోకర్ల మీద వచ్చిన ఫిర్యాదుల సంఖ్యను ఎక్స్ఛేంజీలు ప్రకటిస్తాయి. దాన్ని చూసేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. కోటి మంది ఖాతాదారులున్న సంస్థకు వెయ్యి ఫిర్యాదులు రావడం, పదివేల మందే ఉన్న సంస్థకు వంద రావడం ఒకటి కాదు. రెండోదే పది వేల వంతున చూస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. ఫిర్యాదులు ఎందుకు వచ్చాయన్నది కూడా చూడండి. యాప్ ఒక ఉదయం ఆగిపోయిందన్న ఫిర్యాదు విసుగు పుట్టిస్తుంది. నాకు తెలియకుండా నా ఖాతాలో లావాదేవీ జరిగిందన్న ఫిర్యాదు భయపెట్టాలి.

ఇప్పుడు రుసుముల సంగతి. యాభై వేల రూపాయల షేర్లు కొని, కొంత కాలానికి అదే ధరకు అమ్మారనుకుందాం. శాతం మీద తీసుకునే పాతకాలపు పూర్తి సేవల బ్రోకరు నూటికి అర్ధ రూపాయి వసూలు చేస్తే కొన్నప్పుడు 250, అమ్మినప్పుడు 250, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 590 రూపాయలు. ఆర్డరుకు 20 రూపాయలు తీసుకునే డిస్కౌంట్ బ్రోకరు దగ్గర జీఎస్టీతో కలిపి 47 రూపాయల 20 పైసలు. డెలివరీ షేర్లకు బ్రోకరేజీ అసలే తీసుకోని సంస్థలూ ఉన్నాయి. తేడా కళ్లకు కనబడుతూనే ఉంది. అయితే "జీరో" అన్న మాట పట్టుకుని ఖర్చే లేదనుకోకండి. ప్రభుత్వానికి వెళ్లే సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ టాక్స్ నూటికి పది పైసలు, కొన్నప్పుడూ అమ్మినప్పుడూ కూడా. అంటే మన ఉదాహరణలో వంద రూపాయలు. కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ ఏడున్నర రూపాయలు. ఇవి ఏ బ్రోకరు దగ్గరైనా ఒకటే. అమ్మినప్పుడు డీమ్యాట్ నుంచి షేరు బయటికి వెళ్లినందుకు డీపీ ఛార్జీ అని ఒకటుంటుంది. అది సంస్థను బట్టి మారుతుంది.

చిన్న మొత్తాలు పెట్టేవారు ఇంకో లెక్క వేసుకోవాలి. నెలకు వెయ్యి రూపాయల షేర్లు కొనే అమ్మాయికి ఆర్డరుకు 20 రూపాయలంటే కొనేటప్పుడే నూటికి రెండు రూపాయలు పోయినట్టు. లక్ష రూపాయలు పెట్టేవారికి అదే 20 రూపాయలు నూటికి రెండు పైసలు. ఒకరికి చవకైనది ఇంకొకరికి ఖరీదు. అందుకే ఇంటర్నెట్‌లో కనబడే "అత్యుత్తమ బ్రోకర్లు" జాబితాలు అందరికీ పనికిరావు. మీరు నెలకు ఎంత పెడతారో, ఏడాదికి ఎన్నిసార్లు అమ్ముతారో ఒక కాగితం మీద రాసుకుని, రెండు సంస్థల రుసుముల పట్టికతో లెక్క వేయండి. ఏడాది నిర్వహణ రుసుమును కూడా కలపండి. ఒకే ఒక డీమ్యాట్ ఖాతా ఉండి, అందులో విలువ 4 లక్షల రూపాయలు దాటకపోతే, బేసిక్ సర్వీసెస్ ఖాతా కింద ఆ రుసుము ఉండదు. 4 నుంచి 10 లక్షల దాకా ఏడాదికి వంద రూపాయలే. 2024 సెప్టెంబర్ నుంచి ఈ హద్దులు అమలులో ఉన్నాయి. ఆఫర్ వచ్చిందని మూడు నాలుగు యాప్‌లలో ఖాతాలు తెరిచి పెట్టుకున్నవారికి ఈ సౌకర్యం దక్కదు.

రుసుము తక్కువ ఉన్న సంస్థ దేని మీద బతుకుతోందని కూడా ఒకసారి అడగాలి. డెలివరీ మీద ఏమీ తీసుకోనివాడు మరెక్కడో సంపాదించాలి. ఫ్యూచర్లు, ఆప్షన్లలో ఖాతాదారులు రోజుకు పదిసార్లు కొని అమ్మితే వచ్చే రుసుము ఒక దారి. కొనడానికి అప్పిచ్చి వడ్డీ తీసుకోవడం ఇంకో దారి. ఆ అప్పుకు "మార్జిన్ ట్రేడింగ్" అని మంచి పేరు పెట్టారు కానీ చాలాచోట్ల అది నూటికి రూపాయి, రూపాయిన్నర వడ్డీకి దగ్గరగా ఉంటుంది. వడ్డీ వ్యాపారి గడప తొక్కమని శపథం చేసినవాళ్లు కూడా యాప్‌లో ఆ మీట నొక్కేస్తున్నారు.

ఫ్యూచర్లు, ఆప్షన్ల గురించి సెబీ 2024లో ప్రకటించిన అధ్యయనాన్ని సంఘంలోని ప్రతి యౌవనస్థుడి ముందూ పెట్టాలనిపిస్తుంది. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో, వీటిలోకి దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. షేర్లు కొనడమే పాపమా అన్న చర్చలోకి మేము వెళ్లడం లేదు. కష్టపడి సంపాదించినదాన్ని ఒక మంచి కంపెనీలో వాటాగా పెట్టడం వేరు, నూటికి తొంభై ముగ్గురు ఓడిపోయే ఆటలో సాయంత్రానికి గెలుస్తామని కూర్చోవడం వేరు. అందుచేత రెండు యాప్‌లు పోల్చేటప్పుడు తెరవగానే ముందు ఏం కనబడుతోందో చూడండి. మీ పెట్టుబడుల లెక్క కనబడుతోందా, లేక "ఈ రోజు ఎక్కువగా కదులుతున్న ఆప్షన్లు" కనబడుతున్నాయా? ఎఫ్ అండ్ ఓ విభాగాన్ని మూసి ఉంచే వీలుందా? ఖాతా తెరిచేటప్పుడే ఆ గడిలో టిక్కు పెట్టకుండా వదిలేస్తే సరిపోతుంది.

మంచి బ్రోకరు దొరికితే అంతా క్షేమమనీ కాదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కలు తప్పుడివని ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటపడిన రోజు ఆ షేరు ధర ఒక్క రోజులోనే మూడొంతులకు పైగా పడిపోయింది. ఆ షేర్లు ఎంత భద్రమైన డీమ్యాట్‌లో ఉన్నా ఒకటే. బ్రోకరు దివాలా తీస్తే ఎక్స్ఛేంజీల పెట్టుబడిదారుల రక్షణ నిధి ఒక పరిమితి వరకు ఆదుకుంటుంది. షేరు ధర పడితే ఏ నిధీ రాదు. "నెలకు ఇంత గ్యారంటీ" అని డబ్బు తీసుకున్నవాడి చేతిలో మోసపోయినా రాదు.

ఆ గ్యారంటీ మాట దగ్గర కొంచెం ఆగాలి. మన సంఘాల్లో అపాయం ఎక్కువగా ఈ దారినే వస్తోంది. నమ్మకం మనకు బలం, మోసగాడికి అదే తలుపు. "మన సహోదరుడే చెప్పాడు" అంటే కాగితం చదివే అలవాటు కూడా పోతుంది. లింకు పంపిన సహోదరుడు మంచివాడే కావచ్చు. ఆ లింకు ద్వారా ఖాతా తెరిస్తే అతనికి ఏమైనా ముడుతుందా అని అడగడం అవమానం కాదు, అడగండి. అతను బ్రోకరు తరఫున పనిచేసే ఆథరైజ్డ్ పర్సన్ అయితే ఎక్స్ఛేంజి వెబ్‌సైటులో అతని పేరు ఉంటుంది. మందిరంలో ఆరాధన తర్వాత ఫారాలు పంచడానికి ఎవరికీ అనుమతి ఇవ్వకూడదని మా గట్టి అభిప్రాయం. సంఘకాపరి పక్కన నిలబడితే చాలు, ప్రజలు దాన్ని హామీగా తీసుకుంటారు.

వాట్సాప్, టెలిగ్రామ్ గుంపుల్లో వచ్చే దొంగ యాప్‌ల సంగతి ఇంకా ఘోరం. పేరున్న బ్రోకరు గుర్తునే అతికించి యాప్ తయారు చేస్తారు. మొదటి వారం లాభం చూపిస్తారు, ఒక చిన్న మొత్తం తీసుకోనిస్తారు కూడా. పెద్ద మొత్తం వేశాక దాన్ని బయటికి తీయాలంటే "ముందు పన్ను కట్టండి" అంటారు. నిజమైన బ్రోకరు వ్యక్తిగత ఖాతాకు, తెలియని ట్రేడర్స్ పేరున్న కరెంట్ ఖాతాకు డబ్బు పంపమనడు. 2025 అక్టోబర్ నుంచి రిజిస్టరైన బ్రోకర్లకు ప్రత్యేకమైన యూపీఐ చిరునామాలు వచ్చాయి. వాటిలో బ్రోకరు పేరు తర్వాత "బీఆర్‌కే" అక్షరాలు, ఆ తర్వాత "వ్యాలిడ్" అన్న మాట, బ్యాంకు పేరు ఉంటాయి. చెల్లించేటప్పుడు పచ్చని త్రికోణంలో బొటనవేలి గుర్తు కనబడుతుంది. అది కనబడకపోతే ఆపేయండి. డబ్బు వెళ్లిపోతే సిగ్గుపడి రెండు రోజులు దాచుకోవద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయాలి. మొదటి కొన్ని గంటల్లో చెబితే డబ్బు ఖాతాల్లో ఆపగలిగే అవకాశం ఎక్కువ. అసలైన బ్రోకరుతోనే తగవు వస్తే ముందు అతనికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, తీరకపోతే సెబీ స్కోర్స్‌లో పెట్టాలి. అందుకు రుసుము లేదు.

సంఘపెద్దలకు ఒక మాట. మందిర నిర్మాణ నిధి బ్యాంకులో ఊరికే ఉందని, దాన్ని షేర్లలో పెడదామని కొన్నిచోట్ల ఆలోచన నడుస్తోందని విన్నాం. ధర్మసంస్థగా పన్ను మినహాయింపు పొందుతున్న ట్రస్టు లేదా సొసైటీ తన నిధులను ఆదాయపు పన్ను చట్టం అనుమతించిన రీతుల్లోనే ఉంచాలి. కంపెనీ షేర్లను నేరుగా కొనడం వాటిలోకి రాదు. మినహాయింపే పోయే ప్రమాదముంది. ఆడిటరును అడగకుండా అడుగు వేయకండి. కోశాధికారి సొంత పేరున డీమ్యాట్ తెరిచి సంఘం డబ్బు అందులో పెట్టడమన్నది, ఎంత మంచి ఉద్దేశంతోనైనా, అసలు వద్దు.

చివరిగా నామినీ. పోల్చి, చూసి, ఖాతా తెరిచాక చాలామంది ఆ గడిని "తర్వాత చూద్దాం" అని దాటేస్తారు. భర్త పోయాక ఫలానా యాప్‌లో షేర్లున్నాయని కూడా తెలియని విధవరాండ్రు ఉన్నారు. తెలిసినా వారసత్వ ధ్రువపత్రం కోసం కోర్టు చుట్టూ తిరిగేవారున్నారు. నామినీ పేరు వేయండి. బ్రోకరు పేరు, డిపాజిటరీ పేరు, ఖాతా నంబరు ఒక కాగితం మీద రాసి, దాన్ని ఎక్కడ పెట్టారో ఇంట్లోవారికి చెప్పండి. పాస్‌వర్డ్ మాత్రం ఆ కాగితం మీద రాయకండి.